మొరాయించిన కంప్యూటరు

కంప్యూటరు మొరాయించినప్పుడు మొట్టమొదట వినవచ్చు సలహా ఎల్లెడల నొక్కటే: "ఒకసారి ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చెయ్యండి." ఫోనులో సమాధానము చెప్పు కంపెనీ ఉద్యోగియు, పక్కింటి ఇంజనీరింగు విద్యార్థియు, డాలస్ నుండి వీడియో కాలులో తండ్రికి దారి చూపు కుమారుడును ఈ యొక్క మంత్రమునే జపింతురు. ఏమియు తెలియనివాడు తప్పించుకొనుటకు చెప్పు మాట యిది యని నవ్వువారు కలరు. కాని యీ సలహా వా రనుకొనునంత నిరాధారమైనది కాదు. చెప్పువా రనుకొనునంత సంపూర్ణమైనదియు కాదు. అది యెందువలన పనిచేయునో, ఎప్పుడు పనిచేయదో ఎరిగినవాడు కంప్యూటరు మరమ్మతులో సగము దూరము నడచినవాడే.

కంప్యూటరు తెరుచుకొన్న క్షణము మొదలు దానిలోని సకల కార్యములను నడపునది ఆపరేటింగ్ సిస్టమ్. మన యిండ్లలోను, దుకాణములలోను, కచేరీలలోను బల్లపై నుండు కంప్యూటర్లలో అధికభాగము విండోస్‌తో నడచునవే గనుక ఇందలి ప్రసంగమంతయు ప్రధానముగా దానిని గూర్చియే. ఏ ప్రోగ్రామునకు ఎంత ర్యాము కావలెనో అంత యిచ్చుట, పని ముగిసిన పిమ్మట దానిని తిరిగి పుచ్చుకొనుట, రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలును ఒకేసారి దిద్దబోయినప్పుడు ఒకదానిని నిలువరించుట మొదలగునవి దాని విధులు. లోపముతో వ్రాయబడిన ప్రోగ్రాములు పుచ్చుకొన్న ర్యామును తిరిగి యీయవు. కొన్ని, మనము మూసితి మనుకొన్నను లోలోపల బ్రదికియే యుండి, ఫైలుపై వేసిన తాళము తీయవు. దినములు గడచినకొలది ఇట్టి శేషములు పేరుకొని, యంత్రము మొదట మందగించి, తుదకు పలుకుటయే మానివేయును. మరల నారంభించినచో ర్యాములోని దంతయు తుడుచుకొనిపోయి, ఆపరేటింగ్ సిస్టమ్ తెలిసిన స్థితినుండి నడక మొదలుపెట్టును. ఇంతకు మించి యిందు మాయ యేమియు లేదు.

విండోస్ 95, 98 లలో దీనికొక విచిత్రమైన ఉదాహరణము కలదు. యంత్రము ఆరంభమైనది మొదలు గడచిన కాలమును సెకనులో వేయవవంతు చొప్పున లెక్కించు సంఖ్య యొకటి వానిలో నుండెను. దానికి కేటాయించిన చోటు 32 బిట్లు మాత్రమే యగుటచే లెక్క 4,29,49,67,296 కడ నిండిపోవును. దినములలోనికి మార్చినచో అది సుమారు 49.7 దినములు. అంతకాలము ఆపక నడపిన యంత్రము ఆ గడియ రాగానే స్తంభించిపోయెడిది. వినోద మేమనగా, ఆనాటి విండోస్‌ను ఏబది దినములు పడిపోకుండ నడపగలిగిన భాగ్యవంతులు మిక్కిలి యరుదగుటచే ఈ లోపము చాలకాలము ఎవరి కంటను బడలేదు. 1999లో గాని మైక్రోసాఫ్టువారు దానికి సవరణ ప్రకటింపలేదు.

ఇంతవరకు సులభము. చిక్కెక్కడ నున్నదనగా, ఈనాటి విండోస్‌లో ఆపివేయుట వేరు, మరల నారంభించుట వేరు. 2012లో వచ్చిన విండోస్ 8 తో ఫాస్ట్ స్టార్టప్ అను నేర్పాటు చేరినది. షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూతబడును గాని, లోపలి మూలభాగమును, దానితోపాటు పరికరములను నడపు డ్రైవర్ల స్థితియును యథాతథముగా డిస్కుపై వ్రాయబడి, మరునాడు బొత్తాము నొక్కగానే అక్కడినుండియే తిరిగి ర్యాములోని కెక్కును. యంత్రము త్వరగా తెరుచుకొనుట దీని లాభము. నిన్నటి రోగము కూడ నేటికి భద్రముగా దిగుమతి యగుట దీని నష్టము. రీస్టార్ట్ నొక్కినప్పుడు మాత్రము ఈ దాచుకొనుట జరుగదు. "ప్రతిరాత్రి ఆపుచునే యున్నానండీ" అని వాపోవు పెద్దమనిషి కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడింటిని కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్ తెరచి, పెర్ఫార్మెన్స్ పుటలో సీపీయూ క్రింద నుండు అప్‌టైమ్ చూడుడు: పది దినములో, ఇరువది దినములో తేలును. ఆయన చెప్పినది అబద్ధము కాదు. షట్‌డౌన్ అను మాటకు ఉన్న యర్థమును చెప్పక మార్చిన కంపెనీదే తప్పని నా యభిప్రాయము.

రీస్టార్టుతో పోయిన దోషము మరల రాకున్నచో దానిని మరచిపోవచ్చును. వచ్చినచో మాత్రము అది కారణమును అన్వేషింపుమని యంత్రము మనలను హెచ్చరించుటయే. మన తార్కికులు కార్యకారణ సంబంధమును నిర్ణయించుటకు అన్వయ వ్యతిరేకములను చెప్పిరి: కారణ మున్నప్పుడు కార్య ముండుట అన్వయము, కారణము లేనప్పుడు కార్యమును లేకుండుట వ్యతిరేకము. పొగకును నిప్పునకును చెప్పిన యీ న్యాయము కంప్యూటరునకు అక్షరాల చెల్లును. నిన్నటిదాక బాగుండినది నేడు చెడినచో మధ్య మారిన దేమి? ఆ మారినదానిని తొలగించినచో దోషమును తొలగుచున్నదా? తిరిగి చేర్చినచో తిరిగి వచ్చుచున్నదా? ఒక్క పర్యాయమున ఒక్కదానినే మార్చవలెను. ఒకే గంటలో యాంటీవైరసు మార్చి, డ్రైవరు మార్చి, తీగ మార్చి, "ఏదో చేశాను, బాగైంది" అను మరమ్మతుదారుడు యంత్రమును బాగుచేసెనే గాని దోష మెక్కడ నుండెనో తనకే తెలియదు. అది మరల వచ్చిన దినమున అతడు మరల అన్నియు మార్చును.

మారిన దేమని యడిగినచో ఎల్లరును చెప్పు సమాధానము "నేనేమీ చేయలేదు" అనునదే. నిజమే, వా రేమియు చేయకపోవచ్చును. అప్‌డేటులు రాత్రివేళ తమంతట తామే చేరును. కాని విండోస్ తన దినచర్యను తానే వ్రాసికొనుచుండును. వెదకు పెట్టెలో రిలయబిలిటీ అని టైపు చేసినచో రిలయబిలిటీ హిస్టరీ యను పుట తెరుచుకొనును. అందు తేదీలవారీగా ఏ దినమున ఏ ప్రోగ్రాము చేరినదో, ఏ అప్‌డేటు వచ్చినదో, ఏది యెర్రగుర్తుతో కూలినదో వరుసగా కనబడును. విస్టా కాలమునుండి యున్న యీ పుటను తెరచి చూచినవారు కంప్యూటరు దుకాణములలో సైతము అరుదు. మంగళవారము ఒక ప్రింటరు డ్రైవరు చేరి, బుధవారమునుండి యెర్రగుర్తులు మొదలైనచో అనుమానము ఎవరిపై పోవలెనో వేరుగ చెప్ప నక్కరలేదు.

అన్నింటికంటె తరచు వినబడు ఫిర్యాదు "స్లో అయిపోయింది" అనునది. దీనికి జనులు వేయు మందు, బూస్టరనియు, క్లీనరనియు పేరుగల ప్రోగ్రామును ఉచితముగా దింపుకొనుట. ఇవి లాభము చేయగా నేను చూడలేదు. తాముకూడ ర్యాములో కూర్చుండి భారము పెంచుటను మాత్రము చూచితిని. అట్లుగాక టాస్క్ మేనేజరులో సీపీయూ, మెమరీ, డిస్క్ అను మూడు వరుసలలో ఏది నూటికి నూరు చూపుచున్నదో కనిపెట్టవలెను. పాతయంత్రములలో బహుధా అది డిస్కే యగును. తిరుగు పళ్ళెములుగల హార్డుడిస్కు నిమిషమునకు 7,200 చుట్లు తిరిగినను, కావలసిన చోటు సూది క్రిందికి వచ్చుటకు సగటున నాలుగు మిల్లీసెకనులు పట్టును. సూది ఒక వలయమునుండి మరియొక వలయమునకు జరుగుటకు అంతకు రెట్టింపు. వెరసి సెకనునకు నూరు చిల్లర పనులకు మించి చేయలేదు. తాలూకా కచేరీ రికార్డు గదిలో నొక్కడే బంట్రోతు ఉండి, పది మంది గుమాస్తాలు పది కట్టలు ఒకేసారి తెమ్మన్నచో ఏమగునో ఇక్కడను అదియే యగును. యాంటీవైరసు తనిఖీ, అప్‌డేటు దింపుకోలు, ఫైళ్ళ సూచిక తయారీ మూడును ఒకేసారి డిస్కుపై బడిన ఉదయమున మౌసు బాణము సైతము కదలదు. కదలు భాగములు లేని ఎస్‌ఎస్‌డీ ఇట్టి చిల్లర పనులను సెకనునకు వేలకు వేలు చేయగలదు. కావున పాత యంత్రముపై కొంత ధనము వెచ్చింప దలచినవారు మొదట వెచ్చింపవలసినది దీనిపైననే. సీ డ్రైవు కంఠమువరకు నిండియున్నను ఇట్టి మాంద్యమే కలుగును. సెట్టింగులలో స్టోరేజి పుట తెరచి తాత్కాలిక ఫైళ్ళను తొలగించిన చాలును.

క్రొత్త పరికరమును తగిలించిన పిమ్మట పుట్టు దోషములలో ముద్దాయి సాధారణముగా డ్రైవరే. ఆ పరికరమునకును ఆపరేటింగ్ సిస్టమ్‌నకును మధ్య దుబాసీ పని చేయు ఈ చిన్న ప్రోగ్రామునకు లోపలి గర్భగృహము దాక ప్రవేశ ముండుటచే, దాని తప్పు యంత్రము నంతటిని పడగొట్టగలదు. 1998 ఏప్రిల్ 20న షికాగోలో విండోస్ 98 ప్రదర్శనలో, బిల్ గేట్స్ ప్రక్కన నిలిచియుండగనే, స్కానరు తగిలించిన మరుక్షణము తెర నీలివర్ణము దాల్చినది. అట్టివేళ యంత్రము అసలు తెరుచుకొననే తెరుచుకొనక పోవచ్చును. అప్పటికి ఉపాయము సేఫ్ మోడ్. ఇందు విండోస్ అత్యవసరమైన కొలదిపాటి డ్రైవర్లతో మాత్రమే తెరుచుకొనును. క్రొత్తగా చేరినవి యేవియు లోనికి రావు. సేఫ్ మోడ్‌లో లేని దోషము మామూలుగ తెరచినప్పుడు కనబడెనా, విండోస్ మూలము క్షేమమే. తప్పు పైనుండి చేరినవానిలో నున్నది. తార్కికుల వ్యతిరేకమును మైక్రోసాఫ్టువారు బొత్తాముగా చేసి యిచ్చిరని చెప్పవచ్చును. షిఫ్ట్ మీటను పట్టుకొని రీస్టార్ట్ నొక్కినచో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ అను వరుసలో అక్కడికి చేరవచ్చును. యంత్రము ఆ దశకే రాకున్నచో, వరుసగా కొన్నిమార్లు ఆరంభము విఫలమైన పిమ్మట మరమ్మతు పుట దానంతట అదియే వచ్చును.

సేఫ్ మోడ్ విలువ లోకమున కంతటికిని ఒక్కదినమున తెలిసినది. 2024 జూలై 19 శుక్రవారమున క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థ పంపిన లోపభూయిష్టమైన చిన్న ఫైలొకటి మైక్రోసాఫ్టువారి యంచనా ప్రకారము 85 లక్షల విండోస్ యంత్రములను ఆరంభములోనే కూల్చివేసినది. విమానములు నిలిచినవి, ఆసుపత్రులలో పనులు ఆగినవి. హైదరాబాదు నుండి కలకత్తాకు పోవు ప్రయాణికునకు చేతితో వ్రాసియిచ్చిన బోర్డింగు పాసు ఫొటోను ఆ దినమున దేశమంతయు చూచినది. ఇంత యుపద్రవమునకు చేయవలసిన మరమ్మతు ఏమనగా, సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ యొక్క ఫైలును తుడిచివేసి, రీస్టార్ట్ చేయుట. కాని యంత్రము తెరుచుకొననిదే దూరమునుండి దానిని సరిచేయుట కష్టము గనుక ఒక్కొక్క కంప్యూటరు కడకు మనిషి పోవలసి వచ్చినది. డిస్కునకు వేయు బిట్‌లాకరు తాళమున్న వానికి 48 అంకెల రికవరీ కీ సైతము కావలసి వచ్చి, అది యెక్కడ వ్రాసికొన్నారో తెలియని సంస్థలు మరింత యిక్కట్లపాలైనవి. ఇప్పుడు ఇంటి కంప్యూటర్లలో కూడ ఈ తాళము తెలియకుండనే పడియుండుట కద్దు. ఆ 48 అంకెలు మీ మైక్రోసాఫ్టు ఖాతాలో నున్నవో లేవో యంత్రము బాగున్న దినమే చూచి కాగితముపై వ్రాసి యుంచుకొనుడు.

నీలితెర ప్రస్తావన వచ్చినది గనుక ఒకమాట. ఇటీవల, 2025లో, విండోస్ 11 లో దానికి నల్లరంగు పులిమిరి. రంగు మారినంతమాత్రమున శాస్త్రము మారలేదు. ఆ తెరపై స్టాప్ కోడ్ అని యొక పేరు కనబడును. మెమరీ మేనేజ్‌మెంట్ అని వచ్చినచో ర్యాము మీదను, ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని వచ్చినచో విండోస్ ఉన్న డిస్కు మీదను చూపు నిలుపవలెను. మనవారు చేయున దేమనగా, భయపడి వెంటనే స్విచ్చి కట్టివేసి, "ఏదో ఇంగ్లీషులో వచ్చిందండీ" అని చెప్పుదురు. ఫోనుతో దానికొక ఫొటో తీసికొన్నచో మరమ్మతుదారునికి ఒక పూట పని మిగులును.

యంత్రమునకు సంబంధములేని దోషమువలె కనబడుచు యంత్రములోనే యుండున దింకొకటి కలదు. ఒకనాటి ఉదయమున బ్రౌజరు ఏ సైటును తెరువక, మీ కనెక్షను సురక్షితము కాదని మొండికెత్తును. బ్యాంకు సైటు పోయినదని కొందరు, వైరసని కొందరు, ఇంటర్నెట్టు వానిదే తప్పని అందరును తలంతురు. తెర క్రింది మూలలో గడియారము చూచినవా డొక్కడును ఉండడు. చూచినచో అందు సంవత్సరము ఏనాటిదో యుండును. ప్రతి సైటును తన గుర్తింపు పత్రమును చూపవలెను, ఆ పత్రమునకు ఆద్యంతముల తేదీలుండును. కంప్యూటరు తాను ఇంకను 2015లో నున్నానని నమ్మినచో నేటి పత్రములన్నియు ఇంకను పుట్టనివే గదా! మదరుబోర్డుపై రూపాయి బిళ్ళవలె మెరయుచుండు సీఆర్2032 అను మూడు వోల్టుల బ్యాటరీ అయిపోవుటయే దీనికి హేతువు. గోడ స్విచ్చినుండి విద్యుత్తు అందుచున్నంతసేపు ఆ బ్యాటరీపై భారము పడదు. రాత్రికి స్విచ్చి కట్టుట మనకు అలవాటు గనుక మనయిండ్లలో అది త్వరగా అరిగిపోవును. మార్చుటకు గడియారముల దుకాణములో దొరకు బిళ్ళయే చాలును.

ప్రింటరు సంగతి వేరు. అది చెడుటకంటె చెడినట్లు నటించుట యెక్కువ. కృష్ణాతీరమున నొక చిన్న పట్టణములో, బస్టాండున కెదురుగా నున్న డీటీపీ దుకాణమున, పెండ్లిండ్ల కాలములో నేను చూచిన దృశ్య మిది. శుభలేఖ ప్రూఫు కొరకు వచ్చిన రైతు బస్సు వేళ యైనదని తొందరించుచున్నాడు. కుర్రవాడు ప్రింటు నొక్కినకొలది ప్రింటరు మౌనముద్ర వహించుచున్నది. యజమాని లోపలినుండి వచ్చి యంత్రమును ముట్టలేదు, కుర్రవానినే యడిగినాడు.

"పొద్దున ఊడ్చేటప్పుడు వైర్లు గాని పీకావట్రా?"

"పీకి మళ్ళీ పెట్టేశానన్నయ్యా."

"దాన్లోనే పెట్టావా, పక్కదాన్లోనా?"

కుర్రవాడు తల గోకికొన్నాడు. ప్రింటర్ల పట్టీ తెరచి చూడగా ఒకే ప్రింటరు రెండు పేర్లతో నున్నది: మొదటిది వెలవెలబోయి ఆఫ్‌లైన్ అని, రెండవది అదే పేరునకు కాపీ 1 అని తోక తగిలించుకొని. తీగ వేరొక యూఎస్‌బీ రంధ్రమున చేరుటతో విండోస్ దానిని క్రొత్త ప్రింటరుగా లెక్కించినది; శుభలేఖలన్నియు, లేని ప్రింటరు వాకిట వరుసకట్టి నిలిచినవి. తీగను పాత రంధ్రమునకు మార్చినను, వరుసలో మొదటిది డిలీటింగ్ అని చూపుచు కదలలేదు. యజమాని సర్వీసెస్ పట్టీలో ముద్రణల వరుసను నడపు ప్రింట్ స్పూలర్‌ను ఆపి, విండోస్ ఫోల్డరులో సిస్టమ్32, దానిలో స్పూల్, దానిలో ప్రింటర్స్ అను ఫోల్డరు తెరచి, అందున్నవన్నియు తుడిచి, స్పూలర్‌ను మరల నడపెను. రైతుకు బస్సు దొరకినది. యజమాని యడిగిన ప్రశ్న, మారిన దేమి యనునదే యని చదువరులు గ్రహించియుందురు.

ఆ దుకాణముల వారినే పీడించు మరొక చిక్కు మన భాషకు ప్రత్యేకమైనది. అను, శ్రీలిపి వంటి పాత పద్ధతులలో టైపు చేసిన తెలుగు ఫైలును మరియొక కంప్యూటరులో తెరచినచో అర్థము లేని ఇంగ్లీషు అక్షరములును గుర్తులును కనబడును. ఫైలు చెడలేదు. ఆ ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యల మీదనే తెలుగు ముక్కలను కూర్చుండబెట్టినవి గనుక, ఫాంటు లేనిచోట అడుగుననున్న ఇంగ్లీషు బయటపడినది. ఫాంటు ఎక్కించినను, కన్వర్టరుతో యూనికోడులోనికి మార్చినను సరి. యూనికోడు తెలుగునకు 0సీ00 మొదలు 128 ప్రత్యేక స్థానములు కేటాయించినది. 2001 నాటి ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, పిదప వచ్చిన వాణి, నిర్మల ఫాంటులు ఈ పద్ధతివే. ఆ పద్ధతియు నిష్కంటకము కాదని 2018 ఫిబ్రవరిలో తేలినది: జ్ఞ యను సంయుక్తాక్షరము తరువాత కంటికి కనబడని యొక యూనికోడు గుర్తు చేరి, దానిపై దీర్ఘము వచ్చినచో, ఆపిల్‌వారి ఫోనులును, మ్యాక్ కంప్యూటర్లలోని ప్రోగ్రాములును ఆ యక్షరమును చిత్రింపలేక కుప్పకూలినవి. ఆ నెలలోనే సవరణ వచ్చినది. మన యక్షరము లోకమునంతటను వార్తయైన సందర్భములలో నిది యొకటి.

ఇన్నింటికిని బదులుగా మన యూళ్ళలో చలామణి యగు ఏకైక చికిత్స "ఫార్మాట్ కొట్టించడం". సీ డ్రైవు తుడిచి విండోస్ క్రొత్తగా ఎక్కించినచో ప్రోగ్రాములలోని దోషము పోవు మాట నిజమే. డెస్క్‌టాపు మీది ఫొటోలు, టాలీ లెక్కలు దానితో పోవు మాటయు అంతే నిజము. సిస్టమ్ రిస్టోర్‌తో వెనుకటి తేదీకి పోవుటయో, సిస్టమ్ ఫైల్ చెకర్‌తో విండోస్ తన ఫైళ్ళను తాను సరిచూచుకొనునట్లు చేయుటయో ముందు ప్రయత్నించి, అవి తప్పినప్పుడు ఫైళ్ళను వేరొకచోట దాచి, ఆ తరువాత ఫార్మాటు తలపెట్టుట యుక్తము. ర్యాము చెడినదైనచో ఫార్మాటు నిరర్థకము. ఎక్కించుచున్న నడుమనే నీలితెర వచ్చును. ర్యాము పట్టీలు రెండున్నచో ఒకటి తీసి ఒకదానితో నడపి చూచుట, పిదప దానిని తీసి రెండవదానితో చూచుట, అన్వయ వ్యతిరేకములకు ఇంతకన్న చక్కని ప్రయోగశాల లేదు. పట్టీ అంచున నున్న బంగరువన్నె గీతలను పెన్సిలు రబ్బరుతో రుద్ది తిరిగి పెట్టు మన మరమ్మతుదారుల అలవాటును చూచి నవ్వ నక్కరలేదు. గాలిలోని తేమకు పట్టిన పొర వదలి, తెరయే రాని యంత్రములు లేచి కూర్చుండుట అనుభవసిద్ధము. విద్యుత్తు తీగ తొలగించి మాత్రమే ఆ పని చేయవలెను.

తుదకు చెప్పవలసినది దోషము లేని చోట దోషము చూపువారిని గూర్చి. ఫలానా కంపెనీనుండి మాటలాడుచున్నామని, మీ కంప్యూటరులో వైరసులు చేరినవని ఫోను చేసి, ఈవెంట్ వ్యూయర్ అను పుటను తెరువుమందురు. అందు ఎర్రగుర్తులు, పసుపుగుర్తులు వందల కొలది కనబడి గృహస్థుని గుండె జారును. నిక్కముగా ఆ గుర్తులు ఆరోగ్యవంతమైన ప్రతి యంత్రములోను ఉండును; ఒక సర్వీసు రెండు సెకనులు ఆలస్యముగా లేచినను విండోస్ దానిని అందు వ్రాసికొనును. ఆ భయమునే పెట్టుబడిగా చేసికొని వారు ఎనీడెస్క్ వంటిదానిని ఎక్కించుమని, యంత్రమును తమ చేతిలోనికి తీసికొని, బ్యాంకు ఖాతాను ఖాళీ చేయుదురు. మైక్రోసాఫ్టువారు పిలువకుండ ఎవరికిని ఫోను చేయరు. అట్టి పిలుపు వచ్చిన తక్షణము పెట్టివేయవలెను. అప్పటికే యంత్రము వారి చేతికి పోయి యున్నచో ముందు ఇంటర్నెట్ తీగ పీకి, వేరొక ఫోనునుండి బ్యాంకునకు తెలిపి, సైబర్ నేరముల ఫిర్యాదు సంఖ్య 1930 కు ఆలస్యము చేయక ఫోను చేయవలెను.